చెంచా చెప్పిన తీర్పు

గుమ్మడివలస రాజా ముకుందదేవుగారికి ఒకనాడు పొద్దున్నే ధర్మసందేహం పట్టుకుంది. రాజులకి సందేహం వస్తే పాట్లు మాలాంటివాళ్ళకి.

నేను ఆయన ఆస్థాన విదూషకుణ్ణి, పైడయ్యని. నాకు వేదం రాదు, బైబిలు రాదు. వేళకి ఆకలి మాత్రం వస్తుంది.

"ధర్మం తెలియాలంటే దేన్ని నమ్మాలి?" అని అడిగారు రాజావారు.

పండితుడు సోమయాజులుగారు లేచారు. "మొదట వేదం. తర్వాత స్మృతులు. ఆపైన పెద్దల నడవడి. అప్పటికీ తేలకపోతే మంచివాడి మనస్సాక్షి. నాలుగు మెట్లు, ప్రభూ."

యేసుపాదం పాదిరిగారు తల అడ్డంగా ఊపారు. "దేవుని గ్రంథం ఒక్కటే మెట్టు. పెద్దల మాటైనా, మనస్సాక్షైనా దాని ముందు తల వంచాల్సిందే."

రాజావారు నావైపు తిరిగారు. "పైడయ్యా, మెట్టు ఒకటో నాలుగో సాయంత్రంలోగా తేల్చు. ఓడినాయన సంస్థానం విడిచిపోవాలి. తేల్చలేకపోతే నువ్వు పో!"

సభ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పండితుడూ పాదిరీ రోజంతా వాదించుకుని, కబుర్లాడుకుంటూ కలిసి ఇళ్ళకి పోయే స్నేహితులు. వాళ్ళని విడదీసే పాపం నాకెందుకు? పోనీ నేనే పోదామా అంటే, ఈ పొట్టని మరో రాజు భరించగలడా?

ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. తెలిసిన శాస్త్రం ఒక్కటే ప్రయోగించాను.

"ప్రభూ, ముందు భోజనం కానివ్వండి."

రాజావారు పళ్ళెం అక్కడికే తెప్పించుకున్నారు. చెంచాతో ఆవకాయ తీసి నోట్లో పెట్టుకున్నారు. నేను గబగబా అడ్డం వెళ్ళాను.

"ప్రభూ! వైద్యుడు ఆవకాయ ముట్టొద్దన్నాడు కదా?"

"ముట్టలేదే! చెంచాతో తింటున్నా."

"ఆయన ఉద్దేశం అదేనంటారా?"

"ఉద్దేశంతో నాకేం పని? మాటంటే మాటే. పైగా, నెయ్యేసుకుంటే ఆవకాయ ఏమీ చెయ్యదనేది మా నాయనమ్మ. మా వంశంలో ఆవకాయ లేని ముద్ద లేదు. నా మనసుకీ అదే సబబనిపిస్తోంది!"

పాదిరిగారు చప్పట్లు కొట్టారు. "చూశారా సోమయాజులుగారూ! మీ మెట్లన్నీ ఎక్కి ప్రభువులు జాడీ దగ్గరకి చేరారు!"

"మీ మెట్టు మాత్రం ఆపిందా? అక్షరం తప్పలేదుగా! పక్కన పెద్దవాడొకడుండి అర్థం చెబితే ఈ చెంచా వచ్చేదే కాదు," అన్నారు సోమయాజులుగారు.

రాజావారి చెయ్యి గాల్లోనే ఆగింది. "ఇంతకీ గెలిచిందెవరురా?"

ఎప్పట్లాగే నా నోరు నాకంటే ముందు లేచింది.

"మెట్టు ఒకటైనా నాలుగైనా, ఎక్కేవాడు చెంచా చేతబట్టుకునే ఎక్కుతాడు ప్రభూ! అది లాక్కోడానికి పక్కన ఇంకొకడుండాలి. అందుకే ఇద్దర్నీ ఉంచుకోండి!"

రాజావారికి నవ్వాగలేదు. కారం ముక్కుకెక్కి కళ్ళనీళ్ళు కారుతున్నా నవ్వుతూనే ఉన్నారు. పండితుడూ పాదిరీ ఒకరి భుజం ఒకరు పట్టుకుని మరీ నవ్వారు.

రాజావారు తమ జరీ శాలువా తీసి నాకు కప్పబోయారు. అది నా పొట్ట దాకా వచ్చి, ఇక నావల్ల కాదని ఆగిపోయింది.