నక్క వైద్యుడు చెప్పిన పథ్యం

బోడికొండ కింద సీతాఫలం పొదల్లో కుందేళ్ళు కాపురముంటున్నాయి. పరుగు తగ్గిపోయి, వారానికో తొండ దొరికితే అదే విందు అనుకునే వయసులో కాటమయ్య అనే నక్క అక్కడ వైద్యం మొదలుపెట్టాడు. చదువు లేదు, మందు లేదు, సిగ్గు అసలే లేదు.

మొదటి రోగి మల్లక్క అనే కుందేలు. కాటమయ్య పది బారల దూరంలో కూర్చుని ఆమె గుండెదడ గురించీ, కాళ్ళ వణుకు గురించీ, నోరు ఎండిపోవడం గురించీ జాలిగా అడిగాడు. అదంతా పిరికితనమనే రోగమని, ముదిరితే ప్రాణం మీదికొస్తుందని తేల్చేశాడు. తొమ్మిది రోజులు పరుగు అపథ్యం. దడ పుట్టగానే కళ్ళు మూసుకుని, కదలకుండా వంద ఊపిర్లు లెక్కపెట్టాలి. గుణం ఎంత కనిపించిందో చూడడానికి తాను రోజూ ఓ బారెడు దగ్గరగా వచ్చి కూర్చుంటాడట. పదోనాడు తన భోజనమేమిటో మాత్రం చెప్పలేదు.

మల్లక్కకు ఒక్కటే సందేహం.

"మీకెప్పుడూ దడ పుట్టదా అయ్యా?"

"నా గుండె నా మాట వింటుందమ్మా. పులి వచ్చి పక్కన కూర్చున్నా తోక కదపను."

"అయితే ముందు మీరు చేసి చూపించండి. చూసి నేర్చుకుంటాం."

కాదంటే వైద్యం మూతపడుతుంది. మర్నాడు పొద్దున్నే కాటమయ్య ఇరవై కుందేళ్ళ ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని లెక్క మొదలుపెట్టాడు.

నలభై దాకా వచ్చాడో లేదో, గాలిలో చిరుతపులి వాసన తగిలింది. మల్లక్క గుండె దడదడలాడింది. ఆమె ఇంకా ఏమీ ఆలోచించకముందే కాళ్ళు ఆమెను ముళ్ళపొదలోకి చేర్చాయి. మిగతా కుందేళ్ళూ ఆమె వెంటే దూరాయి.

కాటమయ్య గుండె మాత్రం ఊరుకుందా? అదీ కొట్టుకుంది. నోరెండింది, వీపు మీద వెంట్రుకలు లేచాయి, ముసలి కాళ్ళకు ఎక్కడలేని బలం వచ్చింది. అప్పుడు లేచి పరిగెత్తి ఉంటే బతికేవాడే. కానీ పొదల్లోంచి అందరూ చూస్తున్నారని ఆయనకు తెలుసు. ఇప్పుడు లేస్తే తనను నమ్మేదెవరు, పదోనాటి భోజనం ఏమైపోతుంది? ఆ మహానుభావుడు పళ్ళు బిగించి "నలభై ఒకటి" అన్నాడు.

నలభై రెండు అనేలోపే చిరుతపులి ఆయన మెడ పట్టుకుంది.

నీతి: పారిపొమ్మని గుండె చెబుతుంటే పరువును సలహా అడిగేవాడు మూర్ఖుడు.