తెరుచుకోని తలుపు వేషం

హేమాద్రికి చిరాగ్గా ఉంది. నాటకం దగ్గరపడుతోంది. ఫకీరు వేషం వేసే మస్తాన్‌వలీ రిహార్సల్‌కి రావడం లేదు.

ఎందుకు రావడం లేదో అందరికీ తెలుసు. ఊరేగింపు రోజు ఊళ్ళో గొడవలయ్యాయి. మస్తాన్ వాళ్ళ నాన్న సైకిల్ షాపు తగలబెట్టారు. తప్పించుకుని సందుల్లో పడి పరిగెత్తిన మస్తాన్‌ని హేమాద్రి వాళ్ళ వీధి చివర పట్టుకుని కొట్టారు. కుడిచెయ్యి విరిగింది.

"మన లోకేశుకి గడ్డం అంటిద్దాం మాస్టారూ," అన్నాడు హేమాద్రి. "ఊరికి ఈ నాటకం కావాల్సింది ఇప్పుడే. ఆ వేషం ఎవరు వేస్తే ఏముంది?"

ఆచారి మాస్టారు స్టేజీ మీది తలుపు వైపు చూశాడు. ఆ ఊరి కుర్రాళ్ళకి ఏళ్ళ తరబడి నాటకం నేర్పుతున్న మనిషి ఆయన. తన గురువు దగ్గర నేర్చుకున్న ఈ పాత నాటకాన్నే వీళ్ళకీ నేర్పుతున్నాడు. కథ చిన్నదే. అల్లరిమూక తరుముతుంటే ఒక ఫకీరు వీధిలో ఇంటింటి తలుపూ తడతాడు. ఎవరూ తియ్యరు. చివరి ఇంటి నేతగాడు తీస్తాడు. ఫకీరుని లోపలికి పంపి, తాను గడపకి అడ్డంగా నిలబడి, దేవుడి పేరు చెప్పి మనిషిని చంపడానికి వచ్చినవాళ్ళని నిలదీస్తాడు.

ఆ నేతగాడు హేమాద్రి. అతను ఆ మాటలు చెబుతుంటే రిహార్సల్లోనే వినేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది. ఆ సంగతి అతనికీ తెలుసు.

"ఇవాళ్టికి ఫకీరు నేను," అంటూ మాస్టారు లేచాడు. "నువ్వు తలుపు వెనక్కి పో."

అది ప్లైవుడ్ తలుపు. హేమాద్రి దాని వెనక నిలబడి గడియ మీద చెయ్యి వేశాడు. బయట అడుగులు పరిగెత్తుకొచ్చాయి. తలుపు దడదడలాడింది.

నాటకంలో ఫకీరు "అయ్యా, దాహం" అంటాడు. మాస్టారు ఆ మాట అనలేదు.

"రేయ్ హేమాద్రీ, నేన్రా, మస్తాన్‌ని. తలుపు తియ్."

గడియ మీద చెయ్యి కదల్లేదు.

మాస్టారు మళ్ళీ కొట్టాడు. హేమాద్రి తన వంతు మర్చిపోయాడనుకుని హాల్లో కుర్రాళ్ళు నవ్వారు. కాసేపటికి ఆ నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి.

చివరికి మాస్టారే తలుపు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చాడు. హేమాద్రి చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

"వాడు మీకు చెప్పాడా మాస్టారూ?"

"వాడేమీ చెప్పలేదు. పరిగెత్తింది మీ వీధిలోంచే కదా."

"ఇంట్లో అమ్మా, చెల్లెలూ ఉన్నారు. తీస్తే మా మీదికి కూడా..."

మాస్టారు అతని పక్కనే నిలబడ్డాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"నేతగాడి వేషం లోకేశు వేస్తాడు. నువ్వు మొదటి ఇంటివాడివి."

"ఆ ఇంటివాడు ఎవరికీ కనపడడు కదా మాస్టారూ! ఒక్క మాట కూడా లేదు."

"లేదు. తలుపు వెనక నిలబడాలి. తియ్యకూడదు."

"అంతమాత్రానికి మనిషెందుకు? ఉత్త చెక్క నిలబెట్టినా సరిపోతుంది."

"ఇన్నేళ్ళూ ఉత్త చెక్కే నిలబెట్టాం," అన్నాడు మాస్టారు.

తర్వాత ఆయన మస్తాన్ ఇంటికి వెళ్ళాడు. ఏం చెప్పాడో, వాళ్ళమ్మ ఎలా ఒప్పుకుందో ఎవరికీ తెలియదు. ఆట నాటికి మస్తాన్ వచ్చాడు. కట్టు కట్టిన చేతిని ఫకీరు జుబ్బా లోపల దాచుకున్నాడు.

హాలు బయట పోలీసులున్నారు. లోపల సగం కుర్చీలు ఖాళీ.

హేమాద్రి మొదటి తలుపు వెనక చీకట్లో నిలబడ్డాడు. మూక అరుపులు వినిపించాయి. పరుగు దగ్గరపడింది. ఎడమచేత్తో కొట్టిన దెబ్బలు, అంత బలంగా లేవు.

"అయ్యా, దాహం."

ప్లైవుడ్‌కి అవతల మస్తాన్ ఆయాసం స్పష్టంగా వినిపిస్తోంది. ఆ ఆయాసం నటనలా లేదు. హేమాద్రి రెండు చేతులూ వీపు వెనక బిగించి పట్టుకున్నాడు. తలుపు ఇంకోసారి మోగింది. తర్వాత అడుగులు పక్కింటి వైపు వెళ్ళిపోయాయి.

ఎక్కడో లోకేశు తలుపు తీశాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. తెర దించినా, దీపాలు వేసినా హేమాద్రి అక్కడి నుంచి కదల్లేదు.

మేకప్ గదిలో మస్తాన్ ఎడమచేత్తో గడ్డం పీకుతున్నాడు. జిగురు వదలడం లేదు. హేమాద్రి దూది కొబ్బరినూనెలో ముంచి, వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాన్రా."

"తెలుసు," అన్నాడు మస్తాన్. "నేను తలుపు కొట్టగానే టీవీ సౌండు ఆగిపోయింది."

హేమాద్రి చేతిలో దూది అలాగే ఉండిపోయింది. మస్తాన్ తన ముఖాన్ని దగ్గరికి తేలేదు, అలాగని పక్కకీ తిప్పుకోలేదు.

గుమ్మం దగ్గర మాస్టారు తెర మడత పెడుతున్నాడు.

"ఎల్లుండి పక్క ఊళ్ళో ఆట," అన్నాడు తలెత్తకుండానే. "హేమాద్రీ, అదే తలుపు."

"అలాగే మాస్టారూ," అన్నాడు హేమాద్రి.