చిత్తంటే ఏంది నాయనా?

రాజుగారి మల్లుడు భైరవజెట్టికి కండబలం ఎంతో పొగరూ అంతే. ఓ ఊరికొచ్చి, అక్కడి కుస్తీ గోదాలో నిలబడి తొడగొట్టాడు.

"నన్ను చిత్తు చేసే మొనగాడు ఈ ఊళ్లో లేకపోతే రేపే ఈ గోదాను దున్నించేస్తా!"

ఊరంతా తలదించుకుంది. చల్లమ్ముకునే సుంకులమ్మవ్వ మాత్రం గోదాలోకి దిగింది.

"చిత్తంటే ఏంది నాయనా? బోర్లా పడటమా?"

"కాదవ్వా. వీపు నేలకి, మొహం ఆకాశానికి. ఆ మాట పుట్టిందే అలా."

"నా బుర్రకెక్కలేదు. చూపించు."

జెట్టి విసుక్కుంటూ మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు. "ఇదిగో, ఇదే చిత్తు!"

జనం గొల్లున నవ్వారు.

"ఇంక లే నాయనా. నిన్ను చిత్తు చేసినోడు మా గోదాలోనే దొరికాడు, అది నువ్వే. ఇంక దున్నే పనేముంది?"

జెట్టికి లేవడానికి మొహం చెల్లలేదు. ఇన్నాళ్లూ తను పడగొట్టిన ప్రతివాడూ చూసిన ఆకాశం ఇదేనని అప్పుడు తెలిసింది.