మూగ దాగలి

నల్లరాతి కోన అని ఒక అడవి ఉండేది. కొండసామి చల్లని చూపు పడిన చోటు అది. ఆ కోనలో ఏనుగులు, దుప్పులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు, ముళ్లపందులు, అలుగులు కలిసి ఉండేవి. అలుగును మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. ఒంటినిండా పెంకులుంటాయి. భయమేస్తే బంతిలా ముడుచుకుపోతుంది. కోన మధ్యలో సన్నవాగు పారేది.

ఆ కోనలో కొలిమి పని చేసేవాళ్లు ఇద్దరు. ఒకడు గండన్న అనే ఎలుగుబంటి. కండలు తిరిగినవాడు, పేరున్నవాడు. రెండోది సన్నక్క అనే ముళ్లపంది. ఆమె కొలిమి చిన్నది. మేకులూ, కొడవళ్లూ చేసుకుని బతికేది.

ఆ ఏడు ఎండాకాలంలో గండన్న దాగలి రెండు ముక్కలైంది. దాగలి అంటే తెలుసు కదా? ఎర్రగా కాల్చిన ఇనుమును కమ్మరి దేని మీద పెట్టి కొడతాడో, ఆ ఇనుప దిమ్మ. అది లేకపోతే కొలిమి లేదు. సన్నక్కకైతే మొదటినుంచీ దాగలే లేదు. ఒక నల్లరాయి మీద పెట్టి కొట్టేది. ఆ రాయి కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది.

సరిగ్గా అప్పుడే ఏనుగు పెద్దమ్మ కబురు చేసింది. ఆమె మాటంటే కోన అంతటికీ గురి.

"సన్నవాగు ఎండిపోతోంది. ఎప్పటిలా ఇసకలో చెలమలు తవ్వుకుందామంటే, ఈసారి ఇసక కింద రాతిచట్టు తగిలింది. నా దంతం కూడా దిగడం లేదు. రోహిణి కార్తె వచ్చేలోగా పన్నెండు గునపాలు కావాలి. లేకపోతే పసిపిల్లలు ఎండలకు ఆగరు" అంది.

నిజమే. అప్పటికే దుప్పి పిల్లలు తడి ఇసకను నాకుతున్నాయి.

"పన్నెండూ నేనే చేస్తాను. ఇంకెవరినీ అడగొద్దు" అన్నాడు గండన్న.

"ముందు దాగలి తెచ్చుకో నాయనా" అంది పెద్దమ్మ.

దాగళ్లు ఉన్నది ఒక్క అలుగు అవ్వ దగ్గరే. ఆమె పెనిమిటి పేరుమోసిన కమ్మరి. కాలం చేసి రెండేళ్లయింది. ఆయన వాడిన పాత దాగళ్లు రెండు ఆమె ఇంటి వెనక ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే గండన్న వెళ్లాడు. సన్నక్క కూడా వెళ్లింది. గండన్న భుజాన కావడి ఉంది. అందులో అయిదు కుండల తేనె. అది అతని ఏడాది కష్టం. సన్నక్క నెత్తిన ఒక బుట్ట సారపప్పు ఉంది.

"వచ్చారా? చూసుకోండి. ఏది నచ్చితే అది తీసుకోండి" అంది అవ్వ.

ఒక దాగలి రాళ్ల గుట్ట మీద విడిగా ఉంది. బూజు దులిపితే నున్నగా మెరిసింది. రెండోది చింతమొద్దులో దిగి ఉంది. దాని నడుము చుట్టూ తుప్పుపట్టిన గొలుసు బిగించి కట్టి ఉంది. చూడగానే ముసలి ఖైదీలా కనిపించింది.

గండన్న చిన్న సుత్తి తీశాడు. రాళ్ల మీద ఉన్న దాగలిని ఒక్కటి కొట్టాడు.

ఖంగ్!

ఆ మోతకు చెట్ల మీద పిట్టలు లేచాయి. ఎదుటి కొండ ఆ మోతను మళ్లీ పలికింది. గండన్న కళ్లు మూసుకుని, అది పూర్తిగా ఆగేదాకా విన్నాడు.

తరువాత గొలుసు కట్టిన దాగలిని కొట్టాడు.

డప్.

అంతే. తడిసిన డోలు మీద కొట్టినట్టుంది.

"ఇది మూగది. చచ్చిన ఇనుము" అన్నాడు గండన్న. "మా తాత కుండలు కొనేటప్పుడు వేలితో కొట్టి చూసేవాడు. మోగితే మంచి కుండ, మోగకపోతే పగిలిన కుండ. కుండైనా అంతే, దాగలైనా అంతే. ఆ చెవి నాకు వచ్చింది."

సన్నక్క గొలుసు దాగలి దగ్గరకు వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుంది. పిడికెడు బూడిద తీసుకుని గొలుసు దాగలి పైభాగం తోమింది. ఎండుగడ్డితో తుడిచింది. అంచుల వెంట గోరు పెట్టి నెమ్మదిగా లాగింది. పగులుంటే గోరు తగులుతుంది. తగల్లేదు. తిన్నటి వెదురుబద్దను పైన అడ్డంగా పెట్టి, కింద వెలుతురు కనిపిస్తుందేమోనని వంగి చూసింది. నడుమ కాస్త అరిగింది, అంతే.

"ఏం అమ్మాయ్, దాగలి కొంటున్నావా, దానికి తలంటుతున్నావా?" అని నవ్వాడు గండన్న.

"కొనేదాకానే కదా మామా అడగగలిగేది. కొన్నాక అది మనల్ని అడుగుతుంది" అంది సన్నక్క. తరువాత అవ్వ వైపు తిరిగింది. "అవ్వా, తాత దగ్గర చిన్న ఇనుప గుండు ఉండేదా?"

అవ్వ ముఖం విప్పారింది. లోపలికి వెళ్లి, గోడ గూటిలోంచి రేగుపండంత గుండు తెచ్చింది. "మీ తాత కూడా ఇలాగే అడిగేవాడే" అంది.

సన్నక్క గుండును గొలుసు దాగలి మీద జానెడెత్తు నుంచి వదిలింది. గుండు టక్కున లేచింది. జానెడుకు వేలెడు తక్కువ, అంతే. మళ్లీ పడింది, మళ్లీ లేచింది. అలా ఎగురుతూనే ఉంది. ఆ మూల వేసింది, ఈ మూల వేసింది. అన్నిచోట్లా అంతే.

తరువాత మోగే దాగలి మీద వదిలింది. గుండు ఒక్క అంగుళం లేచి, పిండిలో పడ్డట్టు కూలబడింది.

"మామా, దీని మీద గుండు లేవడం లేదు. ఒకసారి చూడు" అంది.

"గోళీలాట పిల్లలకు. నాకు కాదు" అన్నాడు గండన్న.

"నాయనా గండా," అంది అవ్వ, "ఆ దాగలి సంగతి ఒకటి చెప్పాలి. మా పాత కొట్టం—"

"నువ్వు మాట్లాడకు అవ్వా! దాగలే మాట్లాడుతోంది!" అని మళ్లీ సుత్తితో కొట్టాడు. ఖంగ్!

"అది కాదురా, ఆ కొట్టంలో—"

ఖంగ్! ఖంగ్!

అవ్వ ఊరుకుంది. గంట మోగుతుంటే పురాణం ఎవరు వింటారు?

"ఒక్క కుండ తేనె చాలు" అంది చివరికి.

"ఒక్కటేమిటి, అయిదూ తీసుకో! రేపు ఎవరూ ఎక్కువిచ్చి దీన్ని ఎత్తుకుపోకూడదు" అని కావడి దించేశాడు. అవ్వ వద్దంటున్నా వినలేదు. దాగలిని భుజాన వేసుకుని, దారిపొడుగునా మోగించుకుంటూ వెళ్లిపోయాడు.

సన్నక్క, అవ్వ మిగిలారు.

"ఇప్పుడు చెప్పవ్వా. ఆ దాగలి కథేమిటి? ఈ దాగలికి గొలుసెందుకు?"

"అడిగావు, సంతోషం" అంది అవ్వ. "మా పాత కొట్టం ఓ వేసవిలో తగలబడింది. ఆ దాగలి బొగ్గుల కుప్పలో ఉండిపోయింది. మూడు రోజులు ఎర్రగా కాగి, దానంతటదే చల్లారింది. ఇనుముకు పదును పోవాలంటే అంతకంటే ఏం కావాలి? గొంతు మిగిలింది, గట్టిదనం పోయింది. ఇదిగో, దీన్ని మీ తాత నలభై ఏళ్లు కొట్టాడు. నిప్పు తగల్లేదు. గొలుసు సంగతంటావా... పక్క పొదలో కుందేలు కోడలు పురిటికి వచ్చింది. సుత్తి దెబ్బకల్లా పసికందులు ఉలిక్కిపడి ఏడ్చేవి. అప్పుడు ఆయన ఈ గొలుసు చుట్టాడు. మోత అణిగింది. ఆ పిల్లలు పెరిగాయి, వాటికి పిల్లలు పుట్టాయి. ఆయన గొలుసు విప్పనే లేదు."

సన్నక్క దాగలికి చేయి ఆనించి నమస్కరించింది.

"ఎంతిమ్మంటావు అవ్వా?"

"మూగదని పేరు పడింది కదే. ఆ బుట్టలో సగం ఇవ్వు, చాలు."

"గుండు దాదాపు జానెడెత్తు లేచింది. నేను కళ్లారా చూశాను. చూసి కూడా సగం ధర ఇస్తే కొండసామికి మొహం ఎలా చూపించను?" అంది సన్నక్క. బుట్టంతా ఇచ్చింది. వానలకు ముందు అవ్వ ఇంటికప్పు కొత్తగా నేయిస్తానని మాట ఇచ్చింది.

అవ్వ గుండును ఆమె చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరే ఉండనీ."

ఇక గండన్న కొలిమి చూద్దాం.

మొదటిరోజు కోనంతా ఖంగుఖంగుమంది. "అబ్బ, పనంటే అదీ!" అన్నాయి దుప్పులు. రెండోరోజుకు దాగలి మీద గుంటలు పడ్డాయి. సుత్తి కాస్త తప్పితే చాలు, ఒక గుంట. మూడోరోజుకు ఆ గుంటల వంకరంతా గునపాలకు వచ్చింది. పైగా దెబ్బ వేశాక సుత్తి అక్కడే కూర్చుండిపోయేది. ప్రతిసారీ దాన్ని ఎత్తుకోవాలి. అంతటి గండన్నకు కూడా భుజాలు పట్టేశాయి. ఇంకా గట్టిగా కొట్టాడు. ఇంకా లోతుగా గుంటలు పడ్డాయి.

పదిరోజులకు పెద్దమ్మ వచ్చింది. అక్కడ మూడు గునపాలున్నాయి. మూడూ పాముల్లా వంకర తిరిగి ఉన్నాయి.

"మోత విని పన్నెండూ అయిపోయాయనుకున్నాను నాయనా" అంది.

గండన్న తల దించుకున్నాడు.

"కార్తె ఎనిమిది రోజుల్లో ఉంది. పొద్దున ఒక దుప్పి పిల్ల లేవలేకపోయింది. తొండంతో నీళ్లు తెచ్చి పోశాను. ఎంతమందికని తేను?" అంది పెద్దమ్మ. కోపం లేదు ఆ గొంతులో. అందుకే గండన్నకు ఎక్కువ తగిలింది.

అతను సమ్మెట భుజాన వేసుకుని సన్నక్క కొలిమికి నడిచాడు. అక్కడ డప్ డప్ అని వినపడుతోంది. గోడకు నాలుగు గునపాలు ఆనించి ఉన్నాయి. నాలుగూ గీత గీసినట్టున్నాయి.

"అమ్మాయ్," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. భుజాన ఉన్న సమ్మెట కిందికి దించాడు.

"నా చేతులు చిన్నవి మామా. ఎనిమిది రోజుల్లో ఇంకో ఎనిమిది నా వల్ల కాదు. నేను పట్టకారు పడతాను, నువ్వు సమ్మెట వేస్తావా?" అంది సన్నక్క.

గండన్న సమ్మెట ఎత్తి వేశాడు. అది తనంతట తానే సగం దూరం పైకి లేచింది. మళ్లీ వేశాడు. మళ్లీ లేచింది.

"ఇదేమిటే! చేతికి బరువే తెలియడం లేదు!"

"సగం బరువు అది మోస్తోంది మామా. మంచి దాగలి దెబ్బను మింగేయదు, తిరిగిస్తుంది."

ఏడో రోజుకు పన్నెండు గునపాలూ తయారయ్యాయి. మొదటి గునపాన్ని కొండసామి రాతి ముందు పెట్టి, దండం పెట్టుకుని, అందరూ వాగులోకి దిగారు. అలుగు అవ్వ అయిదు తేనె కుండలూ దొర్లించుకుంటూ తెచ్చింది. మూతలు కూడా తీయలేదు వాటికి. "తవ్వేవాళ్లకు పొయ్యండి. ఎక్కువిచ్చిన తేనె నా గొంతు దిగదు" అంది. రెండోరోజు మధ్యాహ్నం రాతిచట్టు పగిలింది. నీళ్లు బుడబుడమని పైకి వచ్చాయి. ముందు దుప్పి పిల్లలు తాగాయి.

ఆ తరువాత ఇంకో చిక్కు వచ్చింది. అందరూ ఒక్కసారే వస్తే చెలమలు కూలిపోతాయి. వంతులవారీగా రావాలి. మరి వంతు వచ్చిందని కోనంతటికీ తెలిసేదెలా?

"నా దాగలి ఉంది కదా" అన్నాడు గండన్న మెల్లగా. "దానికి చేతనైంది మోగడం. మోగనివ్వండి."

కొండసామి రాతి పక్కన మద్దిచెట్టు ఉంది. దాగలిని దాని కొమ్మకు వేలాడదీయాలి. గట్టి గొలుసు కావాలి. కోనలో ఉన్నది ఒకటే గొలుసు. సన్నక్క వెళ్లి తన దాగలి నడుముకున్న గొలుసు విప్పింది. పెద్దమ్మ తొండంతో దాగలిని లేపి, ఆ గొలుసుతో కొమ్మకు కట్టింది. గండన్న కొట్టాడు. ఖంగ్! దూరాన ఉన్న కుందేళ్లు కూడా చెవులు నిక్కబొడుచుకుని బయలుదేరాయి. ఆ రోజునుంచి పూటపూటా గంట కొట్టడం గండన్న వంతైంది.

సన్నక్క కొలిమికి తిరిగి వచ్చి ఒక కొడవలి దాగలి మీద పెట్టింది. సుత్తి వేసింది.

మద్దిచెట్టు కింద ఉన్న గండన్న చటుక్కున తల తిప్పాడు. ఎక్కడినుంచో ఒక మోత వచ్చింది. తను కొట్టిన ఖంగు కాదు. అంతకంటే సన్నగా, నిండుగా, తేనె ధారలా సాగుతూ వచ్చింది. అది ఆగేదాకా కదలకుండా నిలబడ్డాడు.

"అవ్వా, అది... ఆ మూగదేనా?"

"మోగడం దానికీ వచ్చు నాయనా" అంది అలుగు అవ్వ. "పక్కింటి పసిపిల్లల నిద్ర కోసం ఇన్నాళ్లూ నోరు మూసుకుంది."

నీతి: మోత విని వెల కట్టకూడదు, తెలిసినవారిని అడిగి, దెబ్బ పడ్డప్పుడు ఏం తిరిగిస్తుందో చూసి వెల కట్టాలి. వస్తువుకైనా అంతే, మనిషికైనా అంతే.