ఏదుపంది ఎంచుకున్న కథ

అనగనగా ఒక అడవిలో వాన పట్టిందంటే నలభై రోజులు వదిలేది కాదు. ఏరు పొంగేది. జంతువులన్నీ కొండమీద ఒకే గుహలో తలదాచుకునేవి. పులీ అక్కడే, జింకా అక్కడే. మరి తినేయదా అంటారేమో, ఆగండర్రా, చెబుతున్నాగా! ఆ గుహకో కట్టుబాటుంది. ఎవరో ఒకరు రోజూ కొంత కొంత కథ చెప్పాలి. కథ నడిచినన్నాళ్ళూ ఎవరూ ఎవరినీ తినకూడదు. అందరికీ దుంపలే. కథ ఆగిందా, కట్టుబాటూ ఆగినట్టే.

ఆ ఏడు కథ చెప్పే వంతు సూదమ్మకు వచ్చింది. సూదమ్మంటే ఒళ్ళంతా ముళ్ళుండే ఏదుపంది. దాని దగ్గర మూడు కథలున్నాయి. ఒకటి సింహాల యుద్ధం. రెండోది ఏనుగుల పెళ్ళి. మూడోది వాళ్ళమ్మ కథ. సూదమ్మ చిన్నప్పుడు వాళ్ళమ్మ దుంపల కోసం ఏరు దాటి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

"అమ్మ కథ ఎవరిక్కావాలి? యుద్ధమైతే గొప్పగా ఉంటుంది" అనుకుంది సూదమ్మ. వానలకింకా రెండు నెలలుంది. రాలిన ముల్లొకటి తీసుకుని మోదుగాకుల మీద గీయడం మొదలుపెట్టింది. ఏ రోజు ఎవరు ఓడాలి, ఏ రోజు అందరూ నవ్వాలి, సింహం తాతగారి పేరేమిటి, అన్నీ రాసింది. ఆకుల కుప్ప తనకంటే ఎత్తయింది.

తాబేలు తాత చూసి, "ఏమే సూదమ్మా, ఈ కథంటే నీకిష్టమేనా?" అన్నాడు.

"ఇష్టానికేం తాతా, ఎంత పక్కాగా ఉందో చూడు!" అంది సూదమ్మ.



వాన పట్టింది. మొదటిరోజు సూదమ్మ ఆకులు చూసుకుంటూ చెప్పింది. పులి ఆవులించింది. రెండోరోజు కోతులు పేలు చూసుకున్నాయి. మూడోరోజు నక్క లేచి, "చివరికి ముసలి సింహమే గెలుస్తుంది, అంతేగా అక్కా?" అంది.

అయ్యో రామా! ఆఖరి ఆకులో ఉన్నది అదే. సూదమ్మ ఆకులు గబగబా తిరగేసింది. కథ ఆగిపోయింది.

నక్క మెల్లగా కుందేలు పిల్లల వైపు జరిగింది. తల్లి కుందేలు పిల్లలిద్దరినీ పొట్టకింద దాచుకుంది. "ఆపకు సూదమ్మక్కా, నీకు దండం పెడతా, ఏదో ఒకటి చెప్పు" అని ఏడ్చింది.

ఆ తల్లిని చూడగానే సూదమ్మకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆకుల్ని పక్కకు తోసేసింది. "ఇలాంటి ముసురులోనే మా అమ్మ ఏరు దాటింది. నేను ఒడ్డున నిలబడి పిలుస్తున్నాను" అంది.

నక్క ఆగింది. "అప్పుడేమైంది?" అంది.

ఆ సాయంత్రం సూదమ్మ తాత దగ్గరకు పరుగెత్తింది. "తాతా, రేపటికి నా దగ్గర ఒక్క ఆకూ లేదు!"

"కథ ఎక్కడికి చేరాలో తెలుసా?"

"తెలుసు. అమ్మ ఇంటికి రావాలి."

"మరింకేం? చేరే ఊరు తెలిస్తే చాలు. రేపు నడిచే దారి మాత్రం ఇవాళ చూసుకో. దారిలో ప్రతి రాయీ ముందే లెక్కపెడుతూ కూర్చుంటే నడిచేదెప్పుడే?"

సూదమ్మ అలాగే చేసింది. కథలో అమ్మ సుడిలో చిక్కింది. ఒక ముసలి మొసలి ఆమెను వీపుమీద మోసింది. ఆ మొసలి వస్తుందని ముందురోజు దాకా సూదమ్మకే తెలియదు! ఎలుగుబంటి దుంప నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయింది.

నలభయ్యో రోజు కథలో అమ్మ ఇల్లు చేరింది. బయట వాన వెలిసింది. గుహలోకి ఎండొచ్చింది. ఒక్కరూ కదల్లేదు. కుందేలు పిల్లలు రెండూ నక్క తోకమీద నిద్రపోతున్నాయి.

"మీ అమ్మ నిజంగానే వచ్చిందా అక్కా?" అంది నక్క, ముక్కు తుడుచుకుంటూ.

సూదమ్మ కళ్ళనిండా నీళ్ళు. "కథలో వచ్చింది తమ్ముడూ. నిజంగా రాలేదు."

కథ అయిపోయింది. కట్టుబాటూ అయిపోయింది. తల్లి కుందేలు గబుక్కున లేచింది.

నక్క తోక కదపలేదు. "మెల్లగా మాట్లాడండర్రా," అంది, "పిల్లలు లేచాక వెళ్దాం."

నీతి: మనసును వదలని కథనే ఎంచుకోవాలి. అది చేరే చోటు తెలిస్తే చాలు, మిగతా దారి నడుస్తుంటే తెలుస్తుంది.