చెంచమ్మ పంతం, బిత్తరి భయం

ఏటి గట్టున ఉన్న మునగలపాడులో చెంచమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఏ విషయంలోనైనా తన మాటే నెగ్గాలి, అదీ ఆ పూటే నెగ్గాలి, అదే ఆమెలో లోపం. కూరలో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే ఉప్పు వేసేది కాదు, తక్కువ కాలేదని వాళ్లచేత ఒప్పించేదాకా వదిలేది కాదు. మొగుడు తిరుపాలు ఆమెతో వాదించడం ఎప్పుడో మానుకున్నాడు. మామ మాలకొండయ్య మాత్రం మానుకోలేదు. ఆయనదీ అదే బాపతు. అలాంటివాళ్లు ఇద్దరున్న ఇంట్లో మూడోవాడికి నోరు తెరిచే అవసరమే రాదు.

చెంచమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు ఒక ఆవును తోలిచ్చారు. ఒక ఏడు శివరాత్రి వెళ్లాక ఆ ఆవు మేతకు వెళ్లి చేలోనే ఈనింది. పెయ్యదూడ పుట్టింది. దాని ఒళ్లింకా ఆరకముందే కుక్కలు వచ్చి పడ్డాయి. ఆవు కొమ్ములు విసురుతూ అడ్డుకుంటున్నా ఒక కుక్క సందు చూసుకుని దూడ చెవి చీల్చేసింది. పక్క చేలవాళ్లు కర్రలు పట్టుకుని కేకలు వేస్తూ వచ్చి కుక్కలను తరిమారు. వాళ్లు చేసింది మంచిపనే. కానీ అప్పుడే భూమ్మీద పడ్డ దూడకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చెవి మంట, కేకలు, కర్రలు, మనుషులు, అన్నీ దాని బుర్రలో ఒకటైపోయాయి. అది కుక్కల కన్నా మనుషులకే ఎక్కువ భయపడసాగింది.

మనిషి నీడ పడితే చాలు, ఆ దూడ కొట్టం గోడకు అతుక్కుపోయేది. ఎక్కడో చెంబు జారి పడితే ఇక్కడ వణికేది. ఊళ్లోవాళ్లు దానికి బిత్తరి అని పేరు పెట్టారు.

చెంచమ్మకు తల కొట్టేసినట్టయింది. తన పుట్టింటి ఆవు కన్న దూడ తనను చూసి బెదరడమేమిటని ఆమె బాధ. దాన్ని మూలకు తరిమి, మెడ వాటేసుకుని, బెల్లంముక్క నోట్లో కుక్కేది. అది బెల్లం ఉమ్మేసి ఆమె మోకాలి మీద ఒకటి తన్నేది. మెడకు తలుగుతాడు వేసి బయటికి లాగేది. అది ముందుకాళ్లు మడిచి కూలబడేది. ఈమె ఇటు లాగేది, అది అటు లాగేది. ఎండాకాలం సగం వాళ్లిద్దరికీ ఇదే పనిగా గడిచింది.

ఒకరోజు బిత్తరి తలుగు తప్పించుకుని పారిపోయి పక్కింటివాళ్ల వంగమడి తొక్కేసింది. మాలకొండయ్యకు కోపం వచ్చింది. దూకుడు పశువు మెడకు గుదిబండ కట్టడం ఆ ఊళ్లో మామూలే. అదొక బరువైన కొయ్యదుంగ. నడిచినప్పుడల్లా మోకాళ్లకు తగులుతుంటే పశువు పరుగెత్తలేదు. ఎదిగిన ఎద్దుల కోసం దాచిన ఆ దుంగను ఆయన పాలుమానని దూడ మెడకు కట్టాడు.

చెంచమ్మ పొలం నుంచి వచ్చేసరికి బిత్తరి మోకాళ్ల నుంచి రక్తం కారుతోంది. ఆమె చేతిలో ఉన్న కొడవలితో తాడు కోసేసింది. దుంగను పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే రాత్రికి అన్నం వండి, మామకు వడ్డించింది.

విషయం తెలిసి మాలకొండయ్య విస్తరి ముందు నుంచి లేచాడు. దూడకు భయం పోవాలంటే మనిషంటే ఏంటో దానికి తెలియాలన్నాడు.

"మనిషంటే ఏంటో దానికి బాగానే తెలిసింది మామా. అందుకే పారిపోతోంది" అంది చెంచమ్మ.

మాలకొండయ్య తీర్పు చెప్పాడు. ఏరువాక పున్నమినాడు ఊరి పశువులన్నీ మేళంతో పొలానికి నడుస్తాయి. ఆయన కొట్టంలోని గొడ్డు ఏదీ ఆ నడకలో ఏనాడూ వరస తప్పలేదు. ఆ రోజు బిత్తరి కూడా నడవాలి. నడవకపోతే వచ్చే సంతకు తోలేస్తాడు. బెదురుగొడ్డును సంతలో పాడి కోసం ఎవరూ కొనరు. ఎందుకు కొంటారో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తిరుపాలు తల దించుకుని అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"నడుస్తుంది. మెడకు తాడు కూడా వెయ్యను" అంది చెంచమ్మ.

అనడమైతే అంది. చెయ్యి కడుక్కుని కొట్టంలోకి వెళ్లేసరికి బిత్తరి ఎప్పటిలాగే గోడకు అతుక్కుపోయింది. గుదిబండ కట్టినవాడిని ఎలా చూసిందో, దాన్ని కోసి పారేసినదాన్నీ అలాగే చూసింది. మామ దీని మెడకు దుంగ కట్టాడు, నేను మెడ పట్టుకుని లాగాను, ఇద్దరికీ తేడా ఏముందని చెంచమ్మ అనుకుంది. తన తప్పు తనకు కనిపించడం ఆమెకు అలవాటు లేని పని. అందుకే అది చాలాసేపు నొప్పి పెట్టింది. నా పంతం మామతో, ఈ పిల్లతో నాకేం పంతమని చివరికి గట్టిగా అనుకుంది.

మర్నాటి నుంచి చెంచమ్మ కొట్టంలోకి తాడు తీసుకెళ్లలేదు, బెల్లమూ తీసుకెళ్లలేదు. విత్తనానికి ఒలవాల్సిన వేరుశనక్కాయలు చాటలో పోసుకుని, దూడకు వీపు చూపించి కూర్చునేది. ఒలుస్తూ నెమ్మదిగా ఏదో ఒకటి మాట్లాడేది. ఏం మాట్లాడాలో తోచక మామను తిట్టడం మొదలుపెట్టింది. ఆ విషయంలో ఆమెకు మాటల కొరత ఎప్పుడూ లేదు. దూడ చెవులు రిక్కించి వినేది. వెనక్కి తిరిగి చూడకుండా ఉండటమే చెంచమ్మకు అన్నిటికన్నా కష్టమైన పని. దూడ ఎంత దూరంలో ఉందో చూడాలని మెడ పీకేది. చూస్తే అది బెదిరిపోయేది. అలా బెదిరిన ప్రతిసారీ చెంచమ్మ పని మళ్లీ మొదటికి వచ్చేది.

ఒక మధ్యాహ్నం మెడ వెనక వెచ్చగా ఊపిరి తగిలింది. గరుకు నాలుక మోచేతిని ఒకసారి నాకి, ఉప్పగా ఉందని కాబోలు, మళ్లీ నాకింది. చెంచమ్మ కదల్లేదు. కళ్ల నుంచి నీళ్లు చాటలో పడుతున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదు. ఆ పూట ఆమె ఒలిచిన కాయలు చాలా తక్కువ.

తర్వాత బిత్తరి ఆమె వెంట గడ్డివామి దాకా రావడం నేర్చుకుంది. వస్తే చెంచమ్మ గంగడోలు నిమిరేది, రాకపోతే పిలిచేది కాదు. మాలకొండయ్య మంచం మీద నుంచి చూసి, దూడను నువ్వు మచ్చిక చేస్తున్నావా, నిన్నే అది మచ్చిక చేసుకుంటోందా అని వెక్కిరించాడు. ఏదైతేనేం మామా అని చెంచమ్మ తన పని తాను చేసుకుపోయింది.

ఏరువాక పున్నమి వచ్చింది. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టారు. డప్పులు ముందు నడిచాయి. మాలకొండయ్య ఎద్దుల వెనక ఆవు, ఆవు వెనక చెంచమ్మ, ఆమె నడుముకు రాసుకుంటూ బిత్తరి. మెడకు తాడు లేదు. వీధి అరుగుల మీదివాళ్లు చూసి ముక్కున వేలేసుకున్నారు. చెంచమ్మ తల ఎత్తుకుని నడిచింది.

వీధి చివర మలుపులో డప్పులవాళ్లు ఒక్కసారి జోరు పెంచారు. బిత్తరి ఎగిరిపడింది. వెనక్కి తిరిగి, జనం కాళ్లను తప్పించుకుని, సందులోంచి ఏటి ఇసుకలోకి పరుగు తీసింది. నవ్వులు లేచాయి. కుర్రాళ్లు తాళ్ల కోసం పరిగెత్తారు. మాలకొండయ్య దుడ్డుకర్ర అందుకున్నాడు.

చెంచమ్మ సందు మొదట్లో చేతులు చాపి నిలబడింది.

"ఎవరూ రావద్దు. దాని వెనక పరుగెత్తాలంటే ముందు నన్ను తొక్కి వెళ్లండి" అంది.

ఊరిపెద్ద వచ్చి మంచి ఘడియ దాటిపోతోందన్నాడు. మీరు వెళ్లి నాగళ్లు కట్టుకోండి, నేను మిమ్మల్ని ఆపలేదు, ఈ సందునే ఆపానని చెంచమ్మ అంది. ఆడమనిషిని తోసుకుని వెళ్లడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. డప్పులు వాటంతట అవే ఆగిపోయాయి.

"సరే, నువ్వే వెళ్లి పట్టుకురా" అన్నాడు మాలకొండయ్య.

"నేనూ వెళ్లను మామా."

ఆయనకు అర్థం కాలేదు. వెళ్లకపోతే దూడ ఏరు దాటిపోతుందని, సంత దాకా కూడా మిగలదని కసురుకున్నాడు. నిజానికి చెంచమ్మ కాళ్లు పరుగెత్తాలని పీకుతున్నాయి. దూరంగా ఇసుకలో బిత్తరి తెల్లగా కనిపిస్తోంది. ఇంకో పరుగు తీస్తే నీళ్లు, నీళ్లు దాటితే అడవి. పోతే దూడా పోతుంది, మామతో అన్న మాటా ఊరందరి ముందు పోతుంది. అయినా ఇప్పుడు వెంటపడితే దాన్ని తరిమినవాళ్లలో నేనూ ఒకదాన్నవుతానని ఆమె గుండె రాయి చేసుకుంది. పిలవలేదు, కదల్లేదు. మునగలపాడులో చెంచమ్మ నోరు మూసుకుని అంతసేపు ఉండటం ఎవరూ ఎరగరు.

ఎండ మండుతోంది. కొందరు విసుక్కుని పొలానికి వెళ్లిపోయారు. ఎక్కువమంది చూడాలని ఉండిపోయారు. బిత్తరి చాలాసేపు సందు వైపే చూస్తూ నిలబడింది. వెనక ఎవరూ రావడం లేదు. కర్ర లేదు, కేక లేదు. అది ఒక అడుగు వేసి ఆగింది. మళ్లీ వేసింది. ఇసుక దాటి, సందు దాటి, అంతమంది మనుషుల కళ్ల ముందు నుంచి తోక ఆడించుకుంటూ వచ్చి చెంచమ్మ పొట్టకు తల ఆనించింది.

మాలకొండయ్య, మొత్తానికి తాడు లేకుండానే తెచ్చావన్నాడు. ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

"నేను తేలేదు మామా. అదే వచ్చింది" అంది చెంచమ్మ.

ఆయన బిత్తరిని నిమరబోయాడు. అది వెనక్కి తగ్గింది. చెయ్యి దించమని, దాని దగ్గరికి వెళ్లకుండా ఊరికే నిలబడమని చెంచమ్మ చెప్పింది. ఏనాడూ ఎవరి మాటా వినని ఆ మనిషి దుడ్డుకర్ర కింద పడేసి నిలబడ్డాడు. ఆ రోజు బిత్తరి ఆయన దగ్గరికి పోలేదు. సంత మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నీతి: బలవంతం చేసేవాళ్ల ముందు పంతం పట్టాలి, భయపడేవాళ్ల ముందు దాన్ని వదులుకోవాలి, నమ్మకం లాగితే వచ్చేది కాదు, తనంతట తాను నడిచి రావాల్సిందే.