నడుముతాడు

చంద్రకళ ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోని మాట ఒకటుంది. నాన్న పోయిన రోజు తాను మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళానని అందరికీ చెప్పింది. వెళ్ళలేదు. ఐసీయూ బయట బల్ల మీదే కూర్చుని ఉంది. చేతిలో ఫోను, ఫోనులో రమ్మీ, ఆట కట్టడానికి ఒక్క ఆఠీను రాణి తక్కువ. "వెంకటసుబ్బయ్య తాలూకు ఎవరమ్మా?" అని నర్సు తలుపు తీసి పిలిచింది. మళ్ళీ పిలిచింది. చంద్రకళ తల ఎత్తేసరికి తలుపు మూసుకుంది. ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నాక నర్సు దగ్గర చెప్పడానికి ఒకే ఒక్క మాట మిగిలింది. ఇంతకీ ఆ రాణి వచ్చిందా రాలేదా అని ఎవరైనా అడిగితే చంద్రకళ ఈనాటికీ తడుముకోకుండా చెప్పగలదు. వచ్చింది.

ఇది జరిగి పద్నాలుగు నెలలు. ఆట మానలేదు. మానలేదనడం కూడా తక్కువే, మూడుసార్లు ఫోనులోంచి తీసేసి మూడుసార్లు మళ్ళీ పెట్టుకుంది. రోజుకింత అని హద్దు పెట్టుకునే వీలు ఆ ఆటలోనే ఉంది. ఆ హద్దు పెట్టిందీ తనే, పెంచిందీ తనే. ప్రొద్దుటూరులో నర్సుగా పనిచేసే అక్క సరళ ఫోను చేసినప్పుడల్లా, "నువ్వన్నా దగ్గరుంటివి కదే, నాకదే చాలు" అంటుంది. ఆ మాట విన్న రోజు ఆట ఇంకో గంట ఎక్కువ సాగుతుంది.

మద్దిలేటయ్య స్వామి మఠానికి ఆమె వస్తూ ఏడాది కావస్తోంది. మఠమంటే పెద్దదేం కాదు, చీనీ బత్తాయిల తోట అంచున రేకుల కొట్టం, ముందు ఒక బావి. ఆదివారాలు పదిమంది చేరి తత్వాలు పాడుకుంటారు. స్వామికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. మాయ అంటే ఏమిటని అడిగిన రిటైర్డు తాసిల్దారు ఒకాయన రెండు రోజులు చింతపండులో గింజలు తీశాడు. మూడోనాడు, తెలిసిందని చెప్పి ఇంటికి పోయాడు. ఏం తెలిసిందో ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం పొద్దున చంద్రకళ కూడా అడిగింది. సగం నిజమే అడిగింది.

"సామీ, నాకు తెలిసిన పిల్ల ఒకటి ఫోన్లో పేకాట ఆడతాది. చదువుకున్న పిల్లే, బుద్ధి గల పిల్లే. దానంతట అదే ఒక హద్దు పెట్టుకుని ఆడుకుంటే చాలదా? బయట ఒకరికి చెప్పుకోవాల్నా?"

స్వామి ఆమె మొహం కేసి కాసేపు చూశాడు. "ఈ పొద్దు బావి పూడిక తీస్తాండారు. పోయి సుంకులమ్మ పక్కన కూచో పాపా," అన్నాడు.

బావిలోకి దిగే మనిషి తిమ్మన్న. సుంకులమ్మ అతని భార్య. అతని తమ్ముళ్ళిద్దరు గిలక దగ్గర నిలబడి ఒండ్రు గంపలు పైకి లాగుతున్నారు. గంపలకొక తాడు. అది కాక తిమ్మన్న నడుముకు కట్టిన తాడు ఇంకొకటి, దాని కొస సుంకులమ్మ చేతిలో ఉంది. వెలుగుతున్న దీపాన్ని ముందే బావిలోకి దించి చూశారు. ఆరలేదు. అయినా పనిలో పడ్డాక దీపాన్ని నమ్మకూడదని సుంకులమ్మ చెప్పింది.

"ఏండ్లనాటి ఆకు కుళ్ళి అడుగున ఉంటాది మే. దాన్ని కదిలిస్తే చెడ్డగాలి లేస్తాది. ఒక్కోసారి వాసన గూడా రాదు. లోపలుండే మనిషికి తెలీదు. అందుకే అయిదు గంపలకొకసారి ఒక మాట అడగాల."

"బాగుండావా అనా?"

"అది అడిగేది కాదు. వాళ్ళమ్మ పేరో, కూతురు పేరో అడగాల. ఏమడిగితే దానికే జవాబు రావాల. రాలేదా, ఇంకో మాట లేదు, లాగేయాల."

చూస్తుండగానే సుంకులమ్మ బావిలోకి వంగి కేకేసింది. "ఓయ్, మీ అత్త ఊరేది?"

"దయ్యాల కొంప," అని లోపలినుంచి వచ్చింది. గిలక దగ్గరి తమ్ముళ్ళు నవ్వారు.

"ఊరి పేరు చెప్తావా, తాడు లాగాల్నా?"

"చాగలమర్రి. చాగలమర్రే తల్లీ. ఆ ఊర్లో పిల్లను చేసుకున్న పాపానికి బాయిలో గూడా నెమ్మది లేదు."

"ఇంట్లో ఉందా నెమ్మది? అట్లనే తవ్వు," అంది సుంకులమ్మ. అనేటప్పుడు ఆమె మొహంలో కొత్త పెళ్ళికూతురి మురిపెం కనిపించింది చంద్రకళకు.

ఎండ ఎక్కింది. కొట్టంలో మజ్జిగ కలిపారని పిలుపు వచ్చింది. సుంకులమ్మ నడుముతాడును మరిదులకు ఇవ్వలేదు, వాళ్ళ చేతులు గంపల మీద ఉన్నాయి కాబట్టి. చంద్రకళ చేతికి ఇచ్చింది. "రెండు గుక్కలు తాగి వస్తా. అయిదు గంపలు రాంగానే కూతురు పేరు అడుగు. దాని పేరు లక్ష్మీగౌరి."

అయిదు గంపలు వచ్చాయి. చంద్రకళ వంగి అడిగింది. "అన్నా, నీ కూతురు పేరేంది?"

కాసేపు చప్పుడు లేదు. తరువాత కిందినుంచి నవ్వు వినిపించింది. తేలికైన, హాయిగా ఉన్న నవ్వు. "బాగుండా పాపా. శానా బాగుండా. ఇంకొక్క గంప నింపి వస్తా."

ఆ గొంతులో ఎక్కడా తడబాటు లేదు. పొద్దున్నుంచీ విన్న గొంతుల్లో అంత సంతోషంగా ఉన్న గొంతు ఇంకోటి లేదు. అంత బాగున్న మనిషిని పేరు కోసం మళ్ళీ మళ్ళీ గుచ్చి అడగడం చంద్రకళకు మర్యాద అనిపించలేదు. సరే అన్నా అంది. తాడు వదులుగా పట్టుకుని కూర్చుంది.

సుంకులమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చింది. "ఏం చెప్పినాడు?"

"బాగుండాడంట. ఇంకొక్క గంప నింపి వస్తాడంట."

"పేరు చెప్పినాడా?"

చంద్రకళ జవాబు చెప్పేలోపే తాడు ఆమె చేతిలో లేదు. సుంకులమ్మ కేక పెట్టలేదు, ఏడవలేదు. కాలు గట్టుకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. మరిదులు గంపను గాలిలోనే వదిలేసి ఆ తాడు మీదికి వచ్చారు. బావిలో దభీమని గంప పడిన చప్పుడు. ముగ్గురి చేతుల్లో తాడు కరకరలాడుతూ పైకి వస్తోంది. చంద్రకళ కూడా చేయి వేయబోయింది కానీ తాడు మీద ఆమెకు చోటు దొరకలేదు.

ముందు తల కనిపించింది. ఒక పక్కకు వాలిపోయి ఉంది. పెదవులు నేరేడు పండు తిన్నవాడిలా నల్లబడి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. అన్నిటికన్నా చంద్రకళ తట్టుకోలేకపోయింది ఇంకొకటి. తిమ్మన్న మొహం మీద ఆ నవ్వు అట్లాగే ఉంది.

గట్టు మీద పడుకోబెట్టి, తువ్వాలు తడిపి రొమ్ము మీద రుద్దారు. "నీ కూతురు పేరేంది?" అని సుంకులమ్మ అతని చెవిలో అడుగుతూనే ఉంది. ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. చివరికి అతను పక్కకు తిరిగి కక్కుకున్నాడు. కాస్త ఊపిరి కుదిరాక మొదట అన్న మాట ఇది.

"ఎందుకు లాగినావు మే? ఒక్క గంపే గదా ఉండేది."

"పాప పేరు అడిగితే ఏం చెప్పినావ్?"

"ఎవురడిగినారు నన్ను?" అన్నాడు తిమ్మన్న. అబద్ధం ఆడుతున్న మనిషి మొహం కాదది. "నన్నెవురూ పిలవలేదే."

చంద్రకళ లేచి కొంచెం దూరం నడిచి, చీనీచెట్టు మొదట్లో కూలబడింది. వెనక తిమ్మన్న ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, ఆడదాని భయంతో పని చెడిందని, తనకు ఏమీ కాలేదని, ముప్పై ఏళ్ళుగా బావులు దిగుతున్న తనకు గాలి తెలియదా అని. సుంకులమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నడుముతాడు ముడి మాత్రం ఇంకా విప్పలేదు.

స్వామి ఎప్పుడు వచ్చాడో, పక్కన నిలబడి ఉన్నాడు.

"మనిషిని చంపుండేదాన్ని సామీ," అంది చంద్రకళ. "ఆయన మాట నమ్మినా. నమ్మేట్టుగానే చెప్పినాడు."

ఆమె గట్టు మీది తిమ్మన్న కేసి ఒకసారి చూసింది.

"పొద్దున మీకు చెప్పిన పిల్ల..." స్వామి కేసి తిరిగింది. "అది నేనే. మా నాయన పోయేటప్పుడు నన్ను పిలిచినారు. నేను ఆడతా ఉన్నా."

గాలికి రేకులు ఒకసారి కిర్రుమన్నాయి. స్వామి ఆమె పక్కనే, అదే మట్టిలో కూర్చున్నాడు.

చంద్రకళ ఫోను తీసింది. అక్క పనిచేసే ఆసుపత్రిలోనే ఇట్లాంటి అలవాట్లున్న వాళ్ళకు మాటలతో వైద్యం చేసే డాక్టరమ్మ ఉందని ఆమెకు చాలా రోజులుగా తెలుసు. ఆ వీధిలోకి పోకపోవడానికి కారణమూ అదే, అక్క అక్కడే ఉంది. అక్కకు చెప్పాలంటే ఆ చెడ్డ అలవాటు ఒక్కటే చెబితే సరిపోదు. ఐసీయూ తలుపు సంగతీ చెప్పాలి. దగ్గరుంటివి కదే అనే మాట అక్క నోట ఇంకెప్పుడూ రాకుండా పోతుంది. ఆ తరువాత అక్క చేయి పట్టుకుంటుందో, విదిలించుకుంటుందో.

అయినా అక్క పేరు వెతికి తెర మీదికి తెచ్చింది. "ఇప్పుడే చేస్తా సామీ. మీరు లేచిపోవద్దు," అంది. బొటనవేలు అక్క పేరు మీద పెట్టింది. "చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో నేనే గట్టిదాన్నని అక్క నమ్మకం."

స్వామి బావి కేసి చూస్తూ అన్నాడు.

"తిమ్మన్న గూడా గట్టోడే పాపా. బాయికి ఆ సంగతి తెలీదు."